ఆఖరి గుంటలో మాంబా

సాలోంగో ముబిరు పొద్దున్నే చేపల్ని పలకరించేవాడు. ఏదో నోటి చివర్న ఒక మాట విసిరి పోవడం కాదు, ఒక మర్యాదస్తుడు ఇంకో మర్యాదస్తుణ్ణి పలకరించినట్టు, గట్టు మీద టోపీ తీసి, తీరిగ్గా. రాత్రి ఎలా గడిచింది, పిల్లలంతా కులాసానా, దోమలు కుట్టలేదు గదా. చేపల్ని దోమలెందుకు కుడతాయని ఎవరూ అడగలేదు. అడిగితే ఆయన దగ్గర దానికో జవాబుంటుందని, అది మధ్యాహ్నం దాకా సాగుతుందని అందరికీ భయం.

ఆ చేపలుండేది సరస్సులో కాదు. నామకోలో కొండ వాలులో, నాలుబాలే సరస్సు కనిపించేంత దూరంలో, ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. చెక్కపలకలు అతికించే జిగురు, గోడలకు వేసే రంగులు అక్కడ పెద్ద పెద్ద కాగుల్లో కాస్తారు. కాచింతర్వాత మిగిలిన నీళ్ళు చూస్తే తుమ్మొస్తుంది. ఆ నీళ్ళని ఒక తొట్లో నిలబెట్టి సున్నం కలుపుతారు, ఇంకో తొట్లో గాలి కొడతారు, ఆ తర్వాత జమ్ము మొక్కల మధ్య నుంచి నెమ్మదిగా పారిస్తారు. ఇన్ని స్నానాలూ అయ్యాక అవి చేరేది ఆఖరి గుంట. ఆ గుంటలో ఎంగేగే చేపలు బతకాలి. బతికితే తూము ఎత్తి నీళ్ళని కింద చిత్తడిలోకి వదలొచ్చు, అక్కణ్ణించి అవి సరస్సులో కలుస్తాయి. చేపలు చచ్చినా, లెక్కలో తగ్గినా, కారణం తేలేదాకా తూము దించెయ్యాలి. తూము దించితే నీళ్ళకి దారి లేదు, నీళ్ళకి దారి లేకపోతే కాగులకి నిప్పు లేదు. లైసెన్సులో అలాగే రాసి ఉంది.

పర్యావరణ కార్యాలయం వాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. కంపాలా ల్యాబులో ఆ సీసాలు ఏం చెప్పాయో తెలిసేసరికి వారాలు గడిచేవి. చేపలైతే అప్పటికప్పుడు చెప్తాయి. ఆ చేపలకి కాపలాగా ఒక మనిషి కావాలంటే, సరస్సు మీద పడవ నడిపి నడిపి మోకాళ్ళు మొరాయించిన సాలోంగోని పెట్టారు. ఆయన దాన్ని ఉద్యోగం అనుకోలేదు. ఒక కుటుంబానికి పెద్దగా పెట్టారనుకున్నాడు.

సాలోంగో అంటే కవలల తండ్రి. ఆయన భార్య నాలోంగో, కవలల తల్లి. కవలలు పుట్టిన రోజు నుంచి వాళ్ళ సొంత పేర్లు వాడలో ఎవరికీ అవసరం రాలేదు. మనవలకైతే వాళ్ళకి వేరే పేర్లున్నాయన్న సంగతే చాలా ఏళ్ళు తెలీదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఆయనది మాంబా వంశం. ఈ మాంబా పాము కాదు, చేప. ఉండడానికి పాములాగే ఉంటుంది, మనిషి చెయ్యంత పొడవు, రెక్కల చోట తాళ్ళు వేలాడుతుంటాయి, బురదలో పడుకుని అప్పుడప్పుడు పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకుపోతుంది. ఆ వంశంలో పుట్టినవాళ్ళు దాన్ని తినరు, చంపరు, చంపుతుంటే చూస్తూ నిలబడరు. ఎక్కడైనా ఎదురుపడితే పెద్దన్న ఎదురుపడ్డట్టే లెక్క. నాలోంగోది మిడతల వంశం. కార్తె వచ్చి ఊరు ఊరంతా మిడతలు వేయించుకు తినే రోజుల్లో ఆవిడ ముక్కు మీద కొంగేసుకుని తిరిగేది, సాలోంగో మాత్రం పక్కింట్లో నిలబడి దోసిలి పట్టేవాడు. ఆవిడకి ఆ కోపం ఏడాది పొడుగునా ఉండేది.

పెద్ద వానలు వెలిసిన తర్వాత గుంటలో చేపలు తగ్గడం మొదలైంది.

మొదట ఆయన నమ్మలేదు. మేత చల్లితే నీళ్ళు ఎప్పటిలా ఉడకడం లేదు, అంతే. చచ్చిన చేప ఒక్కటీ తేలలేదు. విషమైతే తెల్లటి పొట్టలు పైకి తేలాలి. లకుముకి పిట్టని అనుమానించాడు. దానికి కావలసింది వేలంత పిల్లలు, ఇక్కడ పోతున్నవి అరచెయ్యంతవి. నీరుకుక్కని అనుమానించాడు. ఒడ్డున అడుగుల్లేవు. మనుషుల్ని అనుమానించి, తూము దగ్గర పనిచేసే ఒవోరిని ఒక వారం పాటు ఓరగా చూశాడు.

"ఏంటి సాలోంగో, నన్ను అలా చూస్తున్నావు, పిల్లనిస్తావా ఏంటి?" అన్నాడు ఒవోరి. అతను తూర్పున తోరోరో నుంచి వచ్చినవాడు, నలభై దాటినా పెళ్ళి మాటెత్తితే సిగ్గుపడేవాడు.

"నీకు ఎంగేగే ఇష్టమా?"

"నాకా? ముళ్ళు ఎక్కువ. మాంబా అయితే చెప్పు. పొగబెట్టిన మాంబా, వేరుశనగ పులుసు." ఒవోరి కళ్ళు మూసుకున్నాడు. "మా అమ్మ వండితే పక్క ఊరి కుక్కలు కూడా వచ్చేవి."

సాలోంగో చెవులు మూసుకుని అక్కణ్ణించి లేచిపోయాడు.

మర్నాటి నుంచి ఆయన ఖాళీ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూచుని నీళ్ళకేసి చూడడం మొదలెట్టాడు. అలా రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం, గాలి ఆడకుండా ఎండ కాస్తున్నప్పుడు, గుంట మూలన నాలుగు బుడగలు లేచాయి. వాటి వెనకే ఒక మొండి మూతి మెల్లిగా పైకొచ్చి, ముసలాయన పీట మీద కూచుంటూ నిట్టూర్చినట్టు ఒక శబ్దం చేసి, మళ్ళీ దిగిపోయింది.

సాలోంగో డబ్బా మీద నుంచి లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"అన్నా," అన్నాడు. "ఇక్కడికెలా వచ్చావు?"

చిత్తడి పొంగి గట్టు మీదుగా పారిన రోజున వచ్చి ఉండాలి. ఎలా వచ్చిందో తెలిసింది గానీ, ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు. మేనేజరుతో చెప్తే సాయంత్రానికల్లా దాన్ని ఈటెతో పొడిచి ఒవోరి పొయ్యి మీదికి పంపిస్తాడు. చెప్పకపోతే చేపలు తగ్గుతూ పోతాయి, ఇన్‌స్పెక్టరు వస్తే తూము దించేస్తారు, ఫ్యాక్టరీ ఆగిపోతుంది, వాడలో సగం ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయి.

ఆ రాత్రి అరటికాయల మటోకే ముద్ద చల్లారిపోతున్నా ముట్టకుండా కూచుంటే నాలోంగో విషయం కక్కించింది.

"ఇంతేనా?" అంది ఆవిడ. "నాది మిడతల వంశం. ఒక ఈటె ఇవ్వు, రేపు ఆకులు కోయడానికి వచ్చినట్టు వచ్చి తేల్చేస్తాను."

"మా అన్నని పొడుస్తావా?"

"మీ అన్న ఇన్నేళ్ళుగా ఒక్క పండక్కీ రాలేదు. ఇప్పుడొచ్చి ఊరందరి కూడూ తింటున్నాడు. నువ్వు మిడతలు తిన్నప్పుడు నేను ఇలాగే ఏడ్చానా?"

"ఏడ్చావు. పైగా కొత్త గోమెసీ కుట్టించేదాకా మాట్లాడలేదు."

"అది వేరే సంగతి," అంది నాలోంగో.

తెల్లారేసరికి సాలోంగోకి ఒక ఉపాయం తట్టింది. తట్టిన ఉపాయాల్లో అది మంచిదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. మాంబాకి నత్తలంటే ప్రాణం. కడుపునిండా నత్తలు పెడితే చేపల జోలికి పోదు గదా. అన్నకి మర్యాద, ఫ్యాక్టరీకి క్షేమం. పొద్దున్నే నడుముకి బుట్ట కట్టుకుని, పంచె ఎగ్గట్టి, కింద చిత్తడిలో జమ్ము దుబ్బుల మధ్య నత్తలేరడానికి దిగాడు. మోకాళ్ళు నానా బూతులూ తిట్టాయి. గుంట మూలన నత్తలు వదిలి చెవి ఒగ్గి వింటే, నీళ్ళ అడుగున గుల్లలు పటపటమని నలుగుతున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడుకి ఆయన ముఖం విప్పారేది, ఇంటికొచ్చిన చుట్టం ఇంకో ముద్ద పెట్టమన్నట్టు.

మాంబా నత్తలన్నీ తినేది. తినింతర్వాత చేపలు కూడా తినేది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఫ్యాక్టరీ గోడకి తూర్పు పక్క, ఇంటి నుంచి వచ్చే దారిలో ఉన్న చిత్తడిలో మొదట్లో కాసిని నత్తలు దొరికేవి. కొన్నాళ్ళకి అక్కడ గుల్లలే తప్ప నత్తలు లేవు. ఇంకాస్త ముందుకెళ్ళాడు. అక్కడా అంతే. చివరికి పడమటి పక్కకి, చుట్టూ తిరిగి వెళ్ళి, అంత దూరం నుంచి ఏరుకొచ్చేవాడు. తూర్పు పక్క జమ్ము పచ్చగానే ఊగుతూ ఉండేది, దాని కింద మాత్రం ఏ ప్రాణీ కదిలేది కాదు. ఒక అన్నకి పెట్టబోయి ఇంకెవరి ఇల్లో ఖాళీ చేశానని ఆయన మనసులో కలుక్కుమనేది.

ఇలా ఉండగా అకెల్లో వచ్చింది.

అకెల్లో ఇన్‌స్పెక్టరు. ఉత్తరాన లీరా నుంచి వచ్చిన పొడుగాటి పిల్ల, రబ్బరు బూట్లు, గట్టి నడక, మాటల్లో ఉత్తరాది యాస. మొదటిసారి వచ్చినప్పుడే సాలోంగో ఆమె పేరుకి అర్థమేమిటని ఆరా తీశాడు. కవలల తర్వాత పుట్టిన పిల్లకి మా వైపు ఆ పేరు పెడతారంది. "అయితే మీ నాన్న కూడా సాలోంగోనే," అన్నాడు. అప్పటి నుంచి ఆమె ఆయనకి కూతురు వరస అయిపోయింది. తాను ఏ కూతురితోనూ అబద్ధమాడలేదని ఆయన నమ్మకం. కూతుళ్ళని అడిగితే వేరే మాట చెప్తారు.

ఆమె వల వేయించింది. వల పైకొచ్చింది. అందులో ఎగిరిన చేపల్ని చూసి మేనేజరు బ్యారుహంగా గొంతు సవరించుకున్నాడు. ఆయన మంచి చొక్కా వేసుకునే మనిషి. నీళ్ళ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక అడుగు వెనకే నిలబడేవాడు.

"పోయినసారికీ ఇప్పటికీ సగానికి సగం తగ్గాయి," అంది అకెల్లో.

"నీళ్ళు బాగున్నాయి మేడమ్. మీరే చూడండి. వాసన కూడా లేదు."

"నీళ్ళు బాగున్నట్టే ఉన్నాయి. చేపలేవి?"

"దొంగలయి ఉంటారు."

"అయి ఉంటారంటే కుదరదు సార్. కారణం తేలేదాకా తూము దించుతున్నాను." ఆమె ఒవోరి వైపు తిరిగింది. "దించండి."

ఒవోరి తూము చక్రం మీద చెయ్యి వేసి మేనేజరు వంక చూశాడు. వెనక షెడ్డు గుమ్మంలో జిగురు పని చేసే ఆడవాళ్ళు, కాగుల దగ్గరి మగవాళ్ళు గుమిగూడారు. వాళ్ళ చూపులు సాలోంగో వీపు మీద తగిలాయి. ఆయన గుంట మూలకి చూశాడు. అక్కడ బుడగ ఒకటి లేచింది. ఇంకెవరూ చూడలేదు.

"నేనే తిన్నాను," అన్నాడు సాలోంగో.

బ్యారుహంగా ముఖంలోకి వెలుగొచ్చింది. "చూశారా మేడమ్. కారణం దొరికింది. ఎత్తెయ్ ఒవోరీ."

"ఉండండి," అంది అకెల్లో. ఆమెకి కోపం రాలేదు. తల కాస్త పక్కకి వంచి, కొత్త రకం పిట్టని చూసినట్టు ఆయన్ని చూసింది. "అన్నీ మీరే తిన్నారా సాలోంగో గారూ?"

"అన్నీ నేనే."

"ఎలా వండుకున్నారు?"

"చేపని ఎలా వండుతారో అలాగే తల్లీ."

"వేరుశనగ పులుసులోనా, టమాటాలోనా?"

"ఒక రోజు అది, ఒక రోజు ఇది."

"అరిటాకులో కట్టి ఆవిరి మీద పెట్టారా?"

"పెట్టాను."

"ఉప్పు ఎప్పుడు వేశారు?"

సాలోంగో కాసేపు ఆలోచించాడు. "ఆకు మీద. బయట నుంచి."

షెడ్డు గుమ్మంలో ఒకావిడ నవ్వాపుకోలేక దగ్గింది.

"ఎక్కడ వండారు?"

"ఇక్కడే. ఈ గట్టు మీద."

"మరి బూడిదేదీ?"

"ఊడ్చేశాను."

"నువ్వు చీపురు పట్టావా?" అని వెనక నుంచి వినిపించింది. నాలోంగో మధ్యాహ్నం తిండి మూట నెత్తి మీద పెట్టుకుని వచ్చి నిలబడి ఉంది. మూట దించి, పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూచుని ఇన్‌స్పెక్టరుకి నమస్కారాలు చెప్పి, మోకాళ్ళ మీద ఉండగానే మొగుడి పరువు తీసింది. "ఈయన పెళ్ళయినప్పటి నుంచి వంటింటి గుమ్మం దాటలేదమ్మా. దాటితే పొయ్యి దానంతట అదే ఆరిపోతుంది. చేపలు వండాడట. చేపని చూసి ఈయన చేసేది పలకరించడం ఒక్కటే."

"నువ్వు మాట్లాడకు," అన్నాడు సాలోంగో.

"మాట్లాడకపోతే రేపు నువ్వు దొంగవి, ఎల్లుండి నేను దొంగ పెళ్ళాన్ని. చూపించు అమ్మాయికి, ఆ నడుముకి కట్టుకున్నదేంటో."

అకెల్లో బుట్టలోకి తొంగి చూసింది. ఆ చుట్టుపక్కల ఎవరూ నత్తలు తినరు. పెంచరు. అమ్మరు. ఆమె కళ్ళలో ఇందాకటి కుతూహలం రెట్టింపయింది.

"ఇవెవరికి?"

సాలోంగో టోపీని రెండు చేతుల్లో తిప్పాడు. షెడ్డు గుమ్మంలో ఉన్నవాళ్ళందరినీ, చక్రం మీద చెయ్యేసి ఉన్న ఒవోరిని చూశాడు. తాను నోరు మూసుకుంటే వీళ్ళ పని పోతుంది. తెరిస్తే అన్న ప్రాణం పోతుంది. దొంగతనం నెత్తిన వేసుకుంటే రెండూ నిలబడతాయనుకున్నాడు గానీ, ఉప్పు దగ్గర దొరికిపోయాడు.

"మా అన్నకి," అన్నాడు చివరికి. "ఆ మూలన ఉన్నాడు. మాంబా. నాది ఆ వంశం తల్లీ. వాడే తింటున్నాడు, నేను నత్తలు పెట్టి మాన్పిద్దామనుకున్నాను. మానలేదు."

ఒవోరి చక్రం వదిలేసి గట్టు మీదికి ఒక్క గెంతు గెంతాడు. "ఎంత లావుంది?"

"నువ్వు అక్కడే ఉండు," అంది నాలోంగో.

బ్యారుహంగా నవ్వేశాడు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నీళ్ళ దాకా నడిచాడు. "అయితే ఇంకేం మేడమ్. పట్టి చంపించేద్దాం, కొత్త చేపలు వదులుదాం, మీరు భోంచేసి వెళ్ళండి. ఈ ముసలాయన్ని నేను ఏమీ అనను లెండి."

అకెల్లో ఒప్పుకునేదే. చేపలు పోవడానికి కారణం దొరికింది, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, రూలు ఇంతకు మించి అడగదు. ఆమె సీసాల పెట్టె మూత కూడా వేసింది. కానీ సాలోంగో ఊరుకోలేదు. ఒకసారి నిజం చెప్పడం మొదలెడితే ఆయనకి ఆపడం రాదు, కడుపులో ఉన్నదంతా పోవాలి.

"ఇంకోటి కూడా ఉంది తల్లీ. తూర్పు పక్క చిత్తడిలో నత్తలన్నీ నేనే అవగొట్టాను. ఒక్కటి మిగల్చలేదు. పాపం చేశాను."

"ఎన్నాళ్ళు ఏరారు?"

"వానలు వెలిసినప్పటి నుంచి."

"ఆ ఒక్క బుట్టతోనేనా?"

"ఈ బుట్టే."

ఆమె బుట్టని మళ్ళీ చూసింది. అందులో పట్టేది ఒక పూట కూరకి సరిపడా. "గోళీకాయంత పిల్ల నత్తలుంటాయి గదా, వాటినీ ఏరారా?"

"వాటినేం చేసుకుంటాను. పెద్దవే ఏరాను."

"మరి ఆ పిల్లలేవి?"

ఆ సంగతి సాలోంగో ఆలోచించలేదు. తప్పు తనదేనని అంత గట్టిగా అనుకున్నాక ఇంకేం ఆలోచిస్తాడు.

"చూపించండి," అంది అకెల్లో.

"మేడమ్, అటు ఊబి," అన్నాడు బ్యారుహంగా. "బూట్లు పోతాయి. భోజనం సిద్ధంగా ఉంది."

"బూట్లు ఆఫీసువి సార్."

సాలోంగో ముందు, అకెల్లో వెనక, పిలవకపోయినా నాలోంగో ఆ వెనక. తూర్పు గోడ చుట్టి జమ్ములోకి దిగారు. అకెల్లో అడుగడుక్కీ వంగి బురద చేత్తో తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, కడుక్కుని, మళ్ళీ వంగేది. పెద్ద గుల్లలు, చిన్న గుల్లలు, కందిగింజంత గుల్లలు. అన్నీ ఖాళీ. జమ్ము కాడల మీద తెల్లగా అంటి ఉండాల్సిన గుడ్లు ఎండి పొట్టు రాలాయి.

"వీటిని మీరు చంపలేదు," అంది.

ఆ మాటకి ఆయనకి ముందు ఊపిరి తేలికైంది. ఆ తర్వాత బరువెక్కింది. "మరెవరు?"

ఆమె జవాబు చెప్పకుండా గుల్లల వెంట నడిచింది. అవి ఎటు చిక్కగా ఉంటే అటు. నాలుగు అడుగులేసి ఆగడం, వంగడం, మళ్ళీ నడవడం. నాలోంగోకి కూడా సరదా పుట్టి, "ఇటున్నాయమ్మాయ్, ఇటు గుట్టలు పడ్డాయి," అని దారి చూపించసాగింది. ఆ గుట్టల దారి మళ్ళీ ఫ్యాక్టరీ గోడ దగ్గరికే తీసుకొచ్చింది. గోడ అడుగున ఏనుగుగడ్డి దట్టంగా పెరిగి ఉంది. నాలోంగో గడ్డిని రెండు చేతులతో పక్కకి తోసింది. లోపల ఒక గొట్టం మూతి. దాని పెదవి మీద జిగురు పసుపు రంగులో గట్టిపడి ఉంది.

గొట్టం నుంచి ఒక చుక్క రాలింది.

తర్వాత తెలిసిందేమిటంటే, కాగులు కడిగిన ఘాటు నీళ్ళని తొట్లకి పంపితే తొట్లు పాడై, ఆఖరి గుంట పాడై, చేపలు చస్తాయి. అందుకని వాన పడే రోజు చూసి ఆ నీళ్ళని ఈ గొట్టంలోంచి వదిలేవాళ్ళు. గుంటని మాత్రం కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నారు. సాలోంగోని పెట్టింది అందుకే.

"రూలు గుంటని చూడమంటుంది," అంది అకెల్లో, గోడకి ఆనుకుని బూటులో నీళ్ళు ఒంపుతూ. "నేనూ గుంటనే చూశాను. వచ్చినప్పుడల్లా." బూటు తొడుక్కుని, "మీ అన్న తిండి కోసం వచ్చాడనుకున్నారు గదా సాలోంగో గారూ. పారిపోయి వచ్చాడేమో. ఇటు పక్క మంచి నీళ్ళున్నది ఆ గుంటలోనే."

సాలోంగో ఆ గుంట గట్టు మీద ఎన్ని పొద్దులు టోపీ తీశాడో లెక్కలేదు. ఆ క్షణాన టోపీ తల మీదే ఉంది, తీయాలని తోచలేదు. "నేను ముందు గదికి కాపలా కాశాను," అన్నాడు. "వెనక ఇల్లు కాలిపోతుంటే."

బ్యారుహంగా ముందు ఆ గొట్టం వాననీళ్ళదన్నాడు, తర్వాత తనకంటే ముందునుంచీ ఉందన్నాడు, ఆ తర్వాత మాట్లాడడం మానేశాడు. తూము దించారు. కాగుల కింద మంట ఆర్పారు. గొట్టం తవ్వి తీసేసి, కడుగునీళ్ళకి వేరే తొట్టి కట్టేదాకా పని లేదన్నారు. చిత్తడిలో ఎక్కడెక్కడ చూడాలో అకెల్లో కొత్తగా రాసుకుంది, తూర్పు పక్కతో మొదలుపెట్టి.

ఆ వారాల్లో సాలోంగోని కొందరు పలకరించడం మానేశారు. అక్కడ అది చిన్న శిక్ష కాదు. ఎదురుపడ్డ మనిషి రాత్రి ఎలా గడిచిందని అడగకుండా పోతే, నువ్వు లేనట్టే. ఆయన మాత్రం పలకరిస్తూనే ఉండేవాడు, జవాబు రాకపోతే తనే చెప్పుకునేవాడు. చేపలతో ఆ అలవాటు ఉండనే ఉంది.

కొత్త చేపలు వదిలే ముందు మాంబాని తీసెయ్యాలి. చంపకుండా తీసెయ్యడానికి ఆయనకి ఒక రోజు ఇచ్చింది అకెల్లో. నీళ్ళు సగం తోడాక నాలోంగో దిగి, మిడతల వంశం ధైర్యమంతా చూపించి, తడి గోనెసంచీలోకి దాన్ని ఎక్కించింది. అది ఆవిడ చేతి మీద ఒక గాటు పెట్టింది. "మీ వాళ్ళందరూ ఇంతే," అంది ఆవిడ సాలోంగోతో.

పడమటి చిత్తడికి పోవాలంటే అరటికల్లు పాక ముందు నుంచే దారి. పని లేనివాళ్ళందరూ అక్కడే ఉన్నారు. సాలోంగో ముందు నడిచాడు. వెనక నాలోంగో సంచీ మోస్తోంది. సంచీ కదులుతోంది.

"ఏముంది అందులో?" అన్నాడు ఒవోరి, తెలిసే.

"మా అన్న."

"మీ అన్న పుణ్యాన మా పొయ్యి మీద పిల్లి పడుకుంది."

సాలోంగో ఆగాడు. పాకలో కల్లు బుర్రలు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "నిజమే," అన్నాడు. "తిట్టాలనుంటే తిట్టు, వింటాను. కానీ నడుస్తూ తిట్టు. నాలోంగో చెయ్యి నెత్తురోడుతోంది."

ఒవోరి కల్లు బుర్ర వంక చూశాడు, సంచీ వంక చూశాడు, నాలోంగో చేతి వంక చూశాడు. లేచొచ్చి సంచీ భుజానికెత్తుకున్నాడు. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు, మధ్యమధ్య సంచీని చేత్తో తడిమి బరువు అంచనా వేస్తూ. సాలోంగో మాటిచ్చినట్టే అన్నీ విన్నాడు, వెనక్కి తిరిగి సంచీ మూతి ముడిని చూసుకుంటూ.

పడమటి వైపు జమ్ములో నత్తలు కాడలకి వేలాడుతున్నాయి. ఒవోరి మోకాళ్ళ లోతుకి దిగి, ఒక్క నిమిషం సంచీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నాలోంగో గొంతు సవరించుకుంది. అతను ముడి విప్పాడు. మాంబా బురదలోకి జారి, తోక ఒకసారి ఆడించి, ఎటు పోయిందో తెలియకుండా పోయింది.

"సాలోంగో," అన్నాడు ఒవోరి, ఇంకా నీళ్ళకేసి చూస్తూ. "రేపెప్పుడైనా నా వలలో పడితే?"

సాలోంగో చాలాసేపు ఆలోచించాడు. వంశం మర్యాద ఒకటుంది. ఈ మనిషి పొయ్యి ఆరిపోయిన సంగతి ఒకటుంది.

"నేను చూస్తే మా అన్న," అన్నాడు. "చూడకపోతే నాకు చెప్పకు."